బోర్డుకి రంగులు కనపడవు

ఆ పరుపుల కంపెనీ హెడ్డాఫీసులో ఆమె అసలు పేరు జీతాల సెక్షన్ వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె రిపోర్టులక్క. యజమాని పెద్దాయన దగ్గర్నుంచి కింద గేటు తీసే వాచ్‌మన్ దాకా అదే పిలుపు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా నోరారా అక్కా అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఇంట్లో ఫోనెత్తినా "రిపోర్టులక్కని మాట్లాడుతున్నా" అనేసేంత అలవాటైపోయింది.

ఆ పిలుపు ఊరికే రాలేదు. నెలాఖరు వచ్చిందంటే ప్రతి బ్రాంచీ నుంచీ ఒక స్ప్రెడ్‌షీటు మెయిల్లో వచ్చి పడేది. ఏ సైజు పరుపు ఎన్ని అమ్మారు, ఎన్ని తిరిగొచ్చాయి, గోడౌన్లో ఎన్ని మిగిలాయి, అన్నీ అందులో ఉండాలన్నది రూలు. ఉంటాయన్న నమ్మకం మాత్రం ఎవరికీ లేదు. ఒక బ్రాంచీ వాళ్ళు అంగుళాల్లో రాస్తే ఇంకో బ్రాంచీ వాళ్ళు అడుగుల్లో రాసేవాళ్ళు. ఒకాయన మధ్యలో నాలుగు వరసలు దాచిపెట్టి, దాచిన సంగతే మర్చిపోయేవాడు. వాటన్నిటినీ ఏరి, కడిగి, తుడిచి, రిపోర్టులక్క ఒక పెద్ద షీట్లోకి ఎక్కించేది. ఆ పెద్ద షీటు తెరుచుకునేలోపు వెళ్ళి టీ తాగి, గ్లాసు కూడా కడిగి రావచ్చు. అందులో ఏ గడి ఏ గడి మీద ఆధారపడి ఉందో ఆమెకి తప్ప పైనున్న దేవుడికి కూడా తెలీదు. ఇంకెవరైనా చెయ్యి పెడితే ఎక్కడో ఒక మూల లెక్క తప్పేది, ఆ మూల ఎక్కడుందో వెతకడానికి మళ్ళీ ఆమే కావాల్సొచ్చేది. అందుకని ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. అందుకనే ఆమెకి నెలాఖర్లో సెలవన్నది ఉండేది కాదు. సొంత తమ్ముడి పెళ్ళికి అందరూ భోజనాలు ముగించి చేతులు కడుక్కునే వేళకి చేరింది.

ఆ ఏడు వేసవిలో కంపెనీ వేరే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ పెట్టి, మెషీన్ల దగ్గర ఫోర్‌మన్‌గా చేసే ఆమె భర్తని అక్కడికి పంపింది. బళ్ళు తెరిచే రోజులు కాబట్టి కూతుర్ని కూడా అక్కడే చేర్పించారు. "నువ్వు కాస్త ఆగి వచ్చెయ్" అని తండ్రీ కూతుళ్ళు ముందు వెళ్ళిపోయారు. ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమెకి కుర్చీ కూడా ఖాళీగానే ఉంది. కావాల్సిందల్లా, ఇక్కణ్ణించి వదిలిపెడుతున్నాం అని ఒక సంతకం. బండి ఆ సంతకం దగ్గరే ఆగిపోయింది.

"ఇంతకీ, ఈవిడ వెళ్ళిపోతే నెలాఖరు ఎవరు చూస్తారండీ?" అన్నాడు సేల్స్ మేనేజర్. ఏ మాటైనా ఇంతకీతోనే మొదలుపెడతాడు కాబట్టి వెనకాల అతన్ని అందరూ ఇంతకీగారు అంటారు. అతనన్న మాటకి జవాబు ఎవరి దగ్గరా లేదు. జవాబు లేకపోవడమే ఆమె పాలిట గొలుసైంది.

ఇంట్లో అత్తగారిది ఇంకో బాధ. కోడలు ఒక్కతే ఎలా ఉంటుందని ఆవిడ కొడుకుతో వెళ్ళకుండా ఇక్కడే ఆగిపోయింది. ఆగింది గానీ, మనసు మాత్రం లారీ ఎక్కేసింది. రేపో మాపో బయల్దేరతామన్నట్టు సగం సామాన్లు గోనె సంచుల్లో మూట కట్టేసింది. తీరా వంట మొదలుపెట్టాక కావాల్సిన గిన్నె మూటలో ఉండేది. మూట విప్పడం, గిన్నె తీయడం, వండి, కడిగి, తుడిచి మళ్ళీ మూట కట్టడం. రోజూ ఇదే తంతు.

"మీరు ఆ మూటలు విప్పేస్తే ఒక పనైపోతుంది కదా అత్తయ్యా?" అంటే, "విప్పేస్తే ఇక వెళ్ళం అని తేల్చేసుకున్నట్టేనే అమ్మాయ్" అనేది ఆవిడ. ఆ తర్వాత కోడలు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన అల్లుడుగారు ఆఫీసులో చక్రం తిప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు అందర్నీ మీటింగు గదిలో కూర్చోబెట్టి, ఇకమీదట షీట్లు ఉండవు, బిజినెస్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫారం కొంటున్నాం అన్నారు. ఆ పేరు పలకడానికి నోరు తిరక్క మర్నాటికల్లా ఆఫీసంతా దాన్ని బోర్డు అనడం మొదలెట్టింది. బ్రాంచీల వాళ్ళు అమ్మినవి అమ్మినట్టు తమ దగ్గరే ఎక్కిస్తారు, ఇక్కడ గోడ మీది తెర మీద క్షణాల్లో బొమ్మలుగా కనపడతాయి, మధ్యలో మనిషి అక్కర్లేదు, అని చెప్పారు అల్లుడుగారు. మధ్యలో మనిషి అన్నప్పుడు గదిలో అందరూ రిపోర్టులక్క వైపు జాలిగా చూశారు. ఆమె మాత్రం చప్పట్లు కొట్టింది. ఆ గదిలో చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కతే.

మీటింగు అయ్యాక అల్లుడుగారి గదికి వెళ్ళి నిలబడింది.

"సార్, ఈ బోర్డు నడిస్తే నన్ను ఫ్యాక్టరీకి వదుల్తారా?"

"ఏ నెలైతే మీరు చెయ్యి పెట్టకుండా బోర్డు దానంతటది నడుస్తుందో, ఆ నెలే సంతకం పెడతాను. మాటిస్తున్నా" అన్నారాయన.

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. ఉద్యోగం చేసే చోట అందరూ తమ అవసరం పెరగాలని కోరుకుంటారు. తన అవసరం లేకుండా పోవాలని కోరుకున్నది ఆమె ఒక్కతే.

బోర్డు పెట్టడానికి వచ్చినతను సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆఫీసు టీ మీద నమ్మకం లేక ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. సాయంత్రానికల్లా ఫ్లాస్కు బాబు అయిపోయాడు. మంచివాడే, పని తెలిసినవాడే. రిపోర్టులక్క షీట్లన్నీ అతని ముందు పోసింది. అతను వాటిని బోర్డులోకి ఎక్కించి, మర్నాడు మొదటి బొమ్మ చూపించాడు. దాన్ని చూడగానే ఆమె కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

"ఇదేంటి బాబూ? స్టేషన్ రోడ్డు బ్రాంచీ ఇన్ని పరుపులు ఎప్పుడమ్మింది? ఇందులో సగం పసుపువి కదా!"

"పసుపు పరుపులా మేడమ్?"

"పరుపులు కాదయ్యా, గడులు! పసుపు గడులు లెక్కలోకి రావు కదా!"

ఫ్లాస్కు బాబు షీటు తెరిచి చూశాడు. నిజమే, అక్కడక్కడా గడులకి పసుపు పూసి ఉంది. కొన్నిటికి ఆకుపచ్చ. కొన్నిటికి గులాబీ. అతను అందం కోసం అనుకున్నాడట.

అందం కాదు. ఎప్పుడో, ఇప్పుడు రిటైరైపోయిన ఒక బ్రాంచీ ఇన్‌చార్జి మొదలుపెట్టిన అలవాటది. కొందరు పరుపు కొని డబ్బు కట్టేసి, "ఇల్లు ఇంకా పూర్తి కాలేదు, గృహప్రవేశం దాకా మీ దగ్గరే ఉంచండి" అంటారు. అలా అమ్ముడుపోయినా కొట్లోనే ఉన్న పరుపుకి పసుపు. వారం పడుకుని నడుం నొప్పని తిరిగిచ్చిన పరుపుకి ఆకుపచ్చ. పెద్దాయన చుట్టాలకి ఊరికే ఇచ్చిన పరుపుకి గులాబీ. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. కొత్తగా చేరినవాడికి పాతవాడు చెప్పేవాడు, అంతే. ఏళ్ళ తరబడి అన్ని బ్రాంచీలూ అలా రంగులు పూస్తూనే ఉన్నాయి. రిపోర్టులక్క ఆ రంగుల్ని కంటితో చూసి, చేత్తో తీసేసి లెక్క కట్టేది. ఆమె దృష్టిలో అదొక పనే కాదు. అన్నంలో రాయి కనపడితే పక్కన పెట్టడాన్ని ఎవరైనా పనంటారా?

"మేడమ్, బోర్డుకి రంగులు కనపడవు" అన్నాడు ఫ్లాస్కు బాబు మెల్లగా. "గడిలో రాసిన మాటే కనపడుతుంది."

"అంత ఖరీదు పెట్టి కొన్న బోర్డుకి, మా వాచ్‌మన్‌కి కనపడే రంగు కనపడదా?"

"కనపడదు మేడమ్."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతన్ని అని లాభం లేదు. రంగులు పూసినవాళ్ళని అనాలంటే, అందులో తనూ ఉంది.

ఫ్లాస్కు బాబు దారి చూపించాడు. ప్రతి అమ్మకం పక్కనా స్థితి అని ఒక గడి పెట్టాడు. దాన్ని నొక్కితే నాలుగు మాటలు కిందికి జారతాయి: ఇంటికి చేరింది, కొట్లో ఉంది, తిరిగొచ్చింది, ఊరికే ఇచ్చాం. ఒకటి ఎంచుకుంటే చాలు. బ్రాంచీల వాళ్ళందరికీ తెర మీద నేర్పించాడు కూడా. అందరూ బుద్ధిగా తలలూపారు. ఆ తలలూపడం చూసి రిపోర్టులక్క అత్తగారికి ఫోన్ చేసి, పెద్ద గిన్నెలు కూడా మూట కట్టెయ్యమంది.

మొదటి నెలాఖరున బోర్డు తెరిచి చూస్తే, అన్ని బ్రాంచీల్లోనూ అన్ని పరుపులూ ఇంటికి చేరిపోయాయి. కొట్లో ఒక్కటీ లేదు. తిరిగొచ్చిందీ లేదు. చివరికి పెద్దాయన చుట్టాలు కూడా డబ్బిచ్చి కొన్నారు. జరిగిందేమిటంటే, నాలుగు మాటల్లో పైనున్నది ఇంటికి చేరింది కాబట్టి, ఎవరూ నొక్కే శ్రమ పడకుండా పైనున్నదాన్నే వదిలేశారు.

స్టేషన్ రోడ్డు బ్రాంచీ ఇన్‌చార్జికి ఫోన్ చేసింది. అతను ఆమెకి చుట్టం కాకపోయినా తమ్ముడే.

"ఏం తమ్ముడూ, స్థితి ఎందుకు పెట్టలేదు?"

"అక్కా, నీకెందుకు కంగారు? నా షీట్లో పసుపు పూసి ఉంచాగా. మెయిల్ చేశా చూడు."

"షీట్లు లేవు కదయ్యా ఇప్పుడు!"

"లేవులే. కానీ నీకోసం చేశా."

మెయిల్ తెరిచి చూస్తే అతనొక్కడే కాదు, అందరూ ఆమె కోసం చేశారు. షీట్లన్నీ ఎప్పట్లాగే వరసగా వచ్చి కూర్చున్నాయి, పసుపూ ఆకుపచ్చా గులాబీలతో. తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడే అల్లుడుగారి మీటింగు. ఏం చేస్తుంది? ఆ షీట్లలో రంగులు చూసుకుంటూ ఒక్కొక్క అమ్మకానికీ బోర్డులో స్థితి తనే మార్చింది. మెడ పట్టేసింది గానీ, పొద్దున్నకల్లా బోర్డు కడిగిన ముత్యంలా తయారైంది.

అల్లుడుగారు తెర ముందు నిలబడి మురిసిపోయారు. "చూశారా, మనిషి చెయ్యి పడకుండా ఎంత చక్కగా వచ్చిందో!" అన్నారు. ఆమె మొదటి నెల కదా, పోన్లే అనుకుంది. రెండో నెల కూడా పోన్లే అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసి దిద్దుకుంటూ పోయింది.

సంతకం సంగతి అడిగితే అల్లుడుగారు, "ఇంకో రెణ్ణెల్లు చూద్దామండీ, కుదురుకోనివ్వండి" అనేవారు. ఇంతకీగారు వెంటనే అందుకునేవాడు. "ఇంతకీ, ఈవిడ ఉన్నారు కాబట్టే బోర్డు ఇంత బాగా నడుస్తోంది. ఇప్పుడే కదపకండి." అదే ఇంతకీగారు బోర్డు తెరని కాగితం మీద అచ్చు తీయించుకుని, ఆ కాగితం చూసి అంకెలన్నీ మళ్ళీ సొంత షీట్లో కొట్టించుకునేవాడు. అడిగితే, తెర మీద చూస్తే నమ్మకం కుదరదనేవాడు. షీట్లు పోవడానికి తెచ్చిన బోర్డు వల్ల ఆఫీసులో షీట్లు రెట్టింపయ్యాయి. ఎవరితో చెప్పుకోవాలి? ఫ్లాస్కు బాబుతో చెప్పుకుంటే అతను ఫ్లాస్కు మూత తిప్పుతూ నవ్వేవాడు.

ఇంట్లో రోజూ సాయంత్రం తండ్రీ కూతుళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది. వెళ్ళిన కొత్తలో ఆ పిల్ల బళ్ళో జరిగిన ప్రతి ముక్కా తల్లికి చెప్పేది. ఎవరితో కూర్చుంది, ఎవరితో పలకడం లేదు, ఏ టీచరు ఎలా నడుస్తుంది, అన్నీ. రానురానూ చెప్పేది తగ్గింది. ఒకరోజు గొంతు నీరసంగా ఉంటే, "ఏమైందిరా?" అనడిగింది.

"ఏం లేదమ్మా. నాన్నకి చెప్పేశాన్లే."

అంతే అంది, మామూలుగానే అంది. ఫోన్ పెట్టేశాక రిపోర్టులక్క వంటింట్లో గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఒట్టి కోపం వచ్చింది. ఇంతకీగారి మీద, అల్లుడుగారి మీద, రంగులు పూసే తమ్ముళ్ళందరి మీద. అత్తగారు అటూ ఇటూ చూసి, ఏమీ అడక్కుండా ఒక మూట విప్పి, ప్రెషర్ కుక్కర్ తీసి పొయ్యి పక్కన పెట్టింది. మళ్ళీ మూటలో పెట్టలేదు. ఆ కుక్కర్ అక్కడ అలా కుదురుగా కూర్చోవడం చూశాక ఆమెకి ఆ పూట ముద్ద దిగలేదు.

ఫ్లాస్కు బాబు పని ముగిసే వారం వచ్చింది. వెళ్ళేముందు బోర్డులో ఎవరెవరు ఏమేం మార్చారో ఒకసారి చూడటం అతని పద్ధతి. ఆ రోజు మధ్యాహ్నం ఆమె డబ్బా తెరుస్తుంటే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మేడమ్, ఒక మాటడుగుతాను, ఏమనుకోకండి. ఇన్ని నెలల్లో స్థితి గడి మార్చింది ఒక్కరే. అది మీరు."

ఆమె ముద్ద కలుపుతూ ఆగింది. "అయితే?"

"అయితే మేం కంపెనీకి బోర్డు పెట్టలేదు మేడమ్. మీకు ఇంకో షీటు పెట్టాం. అంతే తేడా."

"మరేం చెయ్యమంటావ్? తప్పుల తడకని తెర మీద పెట్టమంటావా? అందరి ముందూ?"

"మీరు దిద్దినంత కాలం వాళ్ళు దిద్దుకోరు. వాళ్ళకి తప్పు కనపడితే కదా."

"చెప్పడానికేం, ఎన్నైనా చెప్తావ్. రేపు ఫ్లాస్కు సంచిలో వేసుకుని పోతావ్. తప్పు లెక్క బయటపడితే నన్ను కదా అంటారు, రిపోర్టులక్క ఉండి ఏం లాభం అని!"

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత, "ఆ మాట వాళ్ళు అననంత కాలం మిమ్మల్ని వదలరు కదా మేడమ్" అని లేచి వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు తనకి చెప్పేదేంటి? డబ్బా మూత పెట్టేసింది. మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు అసలు మాట ఒప్పుకోక తప్పలేదు. ప్రతి నెలా బోర్డు దిద్దేటప్పుడు మెడ పీకుతున్నా, లోపల ఏదో ఒక మూల హాయిగా ఉండేది. నేను లేకపోతే వీళ్ళు ఏమైపోతారో అనిపించేది. ఆ హాయి కోసం ఇక్కడ కట్టేసుకుని కూర్చుంది. కట్టేసింది ఇంతకీగారొక్కడే కాదు. ఒక చివర తాడు తనూ పట్టుకుంది.

ఆ నెలాఖర్న షీట్లు ఎప్పట్లాగే మెయిల్లోకి వచ్చాయి. ఆమె ఒక్కటీ తెరవలేదు. ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది స్టేషన్ రోడ్డు తమ్ముడిది.

"అక్కా, షీటు పంపా, చూశావా?"

"స్థితి బోర్డులో పెట్టు తమ్ముడూ."

"అదేంటక్కా కొత్తగా? హాస్టల్ వాళ్ళ పరుపులన్నీ పసుపే, ఆ బిల్డింగ్‌కి ఇంకా కప్పు కూడా పడలేదు. నీకు చెప్తే చాలు కదా."

"నాకు కాదు చెప్పాల్సింది. బోర్డుకి చెప్పు" అని పెట్టేసింది. రోజంతా కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. దిద్దుదామని మధ్యలో బోర్డు తెరిచింది కూడా. స్టేషన్ రోడ్డు హాస్టల్ ఆర్డరు ఇంటికి చేరింది అని వెక్కిరిస్తూ కనపడింది. ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. నొక్కకుండా కంప్యూటర్ ఆపేసి బయటికొచ్చేసింది. తప్పు చేస్తున్నట్టే ఉంది. బాగున్న గిన్నెని కావాలని జారవిడిచినట్టుంది.

మర్నాడు మీటింగుకి పెద్దాయన కూడా వచ్చారు. గోడ మీద తెర వెలిగింది. ఒక పక్క బొమ్మలు, ఇంకో పక్క బ్రాంచీల ఇన్‌చార్జుల ముఖాలు వీడియోలో. స్టేషన్ రోడ్డు బొమ్మ మిగతావాటిని తొక్కేసి పైకి లేచి ఉంది.

"రికార్డు!" అన్నారు అల్లుడుగారు. "ఒక్క నెలలో ఇన్ని పరుపులు ఇళ్ళకి చేర్చిన బ్రాంచీ మన చరిత్రలో లేదు. శభాష్!"

వీడియోలో స్టేషన్ రోడ్డు తమ్ముడు నీళ్ళు నమిలాడు. నమస్కారం పెట్టాడు. ఏమనాలో తెలీక మళ్ళీ పెట్టాడు.

"స్టాకు అయిపోయుంటుంది పాపం" అన్నారు పెద్దాయన. "ఫ్యాక్టరీకి చెప్పి ఇవాళే లారీ పంపించండి."

రిపోర్టులక్కకి మాట నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకుంది. అప్పుడు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగారు.

"అది సరేగానీ, నీ వెనకాల అవేంటయ్యా?"

అందరూ చూశారు. స్టేషన్ రోడ్డు తమ్ముడి వెనకాల గోడ కనపడటం లేదు. నేల నుంచి ఫ్యాన్ దాకా పరుపులే. తలుపు సగమే తెరుచుకునేట్టు పరుపులు. అతను కూర్చున్నది కూడా కుర్చీ మీద కాదు, ఒక పరుపుల దొంతర మీద.

"అవి... పసుపువి సార్" అన్నాడతను.

"పసుపేంటి, నీలం కవర్లు కనపడుతుంటే!"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అల్లుడుగారి ముఖం ఎర్రబడింది. వరసగా మిగతా బ్రాంచీల్ని అడిగితే ఒక్కొక్కరే బయటపడ్డారు. అందరివీ ఇంటికి చేరిన పరుపులే, అందరి కొట్లలోనూ కాలు పెట్టే చోటు లేదు. ఇంతకీగారు కుర్చీ ఇటు తిప్పాడు.

"ఇంతకీ రిపోర్టులక్కా, ఏంటిది?"

"బ్రాంచీల వాళ్ళు ఏం ఎక్కించారో అదే బోర్డులో ఉంది సార్."

"మరి కిందటి నెల దాకా సరిగ్గా వచ్చిందే?"

"కిందటి నెల దాకా నేను దిద్దాను. ఈ నెల దిద్దలేదు."

అల్లుడుగారు తల పట్టుకున్నారు. ఇంతకీగారు ముందుకి వంగి, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు. ఏళ్ళ తరబడి ఏ మీటింగులో ఏ లెక్క తేడా వచ్చినా అందరూ ఆమె వైపు తిరిగి అడిగే మాట అది.

"సరే, అసలు లెక్క ఎంత?"

ఆమెకి తెలుసు. షీట్లు తెరవకపోయినా, ఒక్కొక్క తమ్ముడూ ఫోన్లో చెప్పిన ముక్కలు చెవిలో పడి, ఆమె ప్రమేయం లేకుండానే లోపల లెక్క కుదురుకుని కూర్చుంది. స్టేషన్ రోడ్డుది తెలుసు, మిగతావాళ్ళవీ తెలుసు. చెప్తే ఈ గదిలో అందరూ హమ్మయ్య అనుకుంటారు. మా రిపోర్టులక్క ఉండగా ఏం భయం అంటారు. వచ్చే నెల మళ్ళీ షీట్లు వస్తాయి.

"నాకు తెలీదు సార్" అంది.

ఆ గదిలో ఆమె నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమెకి అంత మందిలో బట్ట జారిపోయినంత సిగ్గేసింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరి కొట్లో ఏముందో వాళ్ళే బోర్డులో పెట్టండి. సాయంత్రానికల్లా. పెట్టనివాడికి వచ్చే నెల పరుపులు పంపను, ఉన్నవి అమ్ముకోండి" అన్నారు. వీడియోలో ముఖాలన్నీ ఒక్కసారి కిందికి వంగాయి. వేళ్ళు టకటకా కదలడం వినపడింది. గోడ మీద స్టేషన్ రోడ్డు బొమ్మ అందరూ చూస్తుండగానే కుంగిపోయింది. ఆమె ఎవరి తరఫునా ఏదీ నొక్కలేదు. మొట్టమొదటిసారి బోర్డు దానంతటది నడిచింది.

"ఇంతకీ, మరి ఈవిడ ఇక్కడ ఉండి లాభమేంటండీ?" అన్నాడు ఇంతకీగారు విసుగ్గా.

ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో! తీరా వినపడేసరికి గుచ్చుకుంది. ఇన్నేళ్ళ మెడనొప్పికి, ఇన్ని నెలాఖరులకి, చివరికి మిగిలింది ఆ ఒక్క మాట. అల్లుడుగారు కూడా ఆమె ముఖం చూడకుండానే, "ఆ ఫ్యాక్టరీ కాగితం పంపండి, సంతకం పెట్టేస్తాను. అక్కడైనా ఏదైనా పనికొస్తారేమో" అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వీడ్కోలు మాటలేవీ లేవు. మధ్యాహ్నం వాచ్‌మన్ ఒక్కడే, "ఏంటక్కా, వెళ్ళిపోతున్నావంట?" అని గేటు దగ్గర నిలబడి అడిగాడు. ఫ్లాస్కు బాబు కుర్చీ అప్పటికే ఖాళీ.

ఇంటికెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. కోడలు అంత పెందలాడే రావడం చూసి అత్తగారు కంగారుపడింది.

"ఒంట్లో బాలేదా అమ్మాయ్?"

"సంతకం పెట్టేశారు అత్తయ్యా."

ఆవిడ మొహం చేటంత అయింది. "మరి ఆ ఏడుపు మొహమేంటే?" అంది.

"ఇక్కడ ఉండి లాభం లేదని పెట్టారు."

"ఎలా పెడితే ఏంటే! సిరా ఒకటే కదా!" అంటూ ఆవిడ వంటింట్లోకి పరిగెత్తినంత పనిచేసి, పొయ్యి పక్కనున్న కుక్కర్ తెచ్చి మూటలో కుక్కింది. మూత పట్టలేదు. మోకాలు ఆనించి మరీ తోసింది. అది చూసి రిపోర్టులక్కకి నవ్వొచ్చింది, దాని వెనకాలే పొద్దుట్నుంచీ ఆపుకున్న ఏడుపూ వచ్చింది. ఆ మూటల మధ్యే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు వీపు నిమురుతూ, ఇంతకీగారి ఏడు తరాలనీ వరసబెట్టి తిట్టింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసు వాళ్ళేమో, ఏ పసుపు గురించి అడుగుతారో అని ఎత్తడానికి జంకింది. కూతురు.

"అమ్మా, నా నీలం స్వెటర్ ఎక్కడుంది? ఇక్కడ పొద్దున్నే చలి మొదలైంది. ఇల్లంతా వెతికాం. నాన్నకి తెలీదంట."

రిపోర్టులక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ స్వెటర్ అటకెక్కించిన మూటలో, పెద్ద గిన్నెలో, పాత దుప్పటి కింద మడత పెట్టి ఉంది. మోచేతి దగ్గర కుట్టు ఊడితే కుట్టింది తనే.

"నాకు తెలుసు" అంది. "నేనే తెస్తున్నాను."